మీదే ఊరండి?

మా సామర్లకోట గురించి చిన్న పుస్తకం రాసిపెట్టమని పోయినేడు మా వీధి గ్రంథాలయం వాళ్ళు అడిగినప్పుడు, ఆలోచించుకుని చెబుతానని కూడా అనలేదు నేను. ఇరవై ఏళ్ళకు పైగా బళ్ళో సోషల్ చెప్పి, ఎక్కడెక్కడి ఊళ్ళ చరిత్రలూ జనాభాలూ పిల్లల చేత బట్టీ పట్టించినదాన్ని. నా సొంత ఊరి గురించి రాయమని ఇన్నాళ్ళకు ఒకరు అడిగారు. ఆ సంబరంలో బియ్యం కడగకుండానే కుక్కర్ పెట్టేశాను.

చరిత్ర వారంలో తేలిపోయింది. చాళుక్యుల నాటి భీమేశ్వరుడి గుడి, రైలు జంక్షను, పంచదార ఫ్యాక్టరీ, మిల్లులు. ఎవరిని కదిపినా ఇవే చెబుతారు. నాకు కావలసింది మనుషులు. ఎవరెవరు ఎక్కడినుంచి, ఏ పని మీద వచ్చి ఇక్కడ ఉండిపోయారు? సెలవురోజుల్లో నోటుపుస్తకం పట్టుకుని మా వీధిలో ఇల్లిల్లూ తిరిగాను.

మా గోదావరి జిల్లాల్లో కొత్త మనిషి కనిపిస్తే మొదట అడిగేది ఒకటే, "మీదే ఊరండి?" అని. నేనూ అదే అడిగాను. మలికిపురం, అంబాజీపేట, ర్యాలి, పిఠాపురం అంటూ జవాబులు వచ్చి పడ్డాయి. ఒకాయన ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడే మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన కూడా తమది రాజోలు దగ్గరేనన్నారు. చివరిసారి ఎప్పుడెళ్ళారని అడిగితే, వాళ్ళ నాన్నగారు చిన్నతనంలోనే వచ్చేశారట, ఈయన ఆ ఊరు చూడనే లేదట. నాకు నవ్వు ఆగలేదు. ఇంటికొచ్చి మ్యాపు మీద రంగు పెన్నులతో గీతలు గీస్తే అన్నీ మా వీధిలోకే వచ్చి చేరాయి. పట్టలేని సంతోషంతో దాన్ని ఫొటో తీసి గ్రంథాలయం వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను.

వీధి చివర, రైల్వే గేటు పక్కన ఒక ఇల్లుంది. దాన్ని అందరూ అరవాళ్ళ ఇల్లు అంటారు. ఆ ఇంటి పెద్దాయన రైల్వేలో, రైళ్ళను వేరే పట్టాల మీదికి మళ్ళించే పాయింట్స్‌మన్‌గా చేశారు. ఆయన్ని అరవాయన అంటాం. వాళ్ళ తాతగారు పట్టాలు వేసే పనికి అరవదేశం నుంచి వచ్చారని వీధంతా తెలుసు. తెలిసిన సంగతే కదా అని నేను ఆ గుమ్మం ఎక్కలేదు. 'బయటి ప్రాంతాల నుంచి వచ్చినవారు' అని శీర్షిక పెట్టి, దాని కింద ఆ ఒక్క ఇల్లూ రాశాను. తప్పులుంటే చెప్పమని చిత్తుప్రతిని గ్రంథాలయం బల్ల మీద పెట్టి వచ్చాను.

మూడోరోజు పెద్దాయన మా ఇంటికొచ్చారు. చిత్తుప్రతి చేతిలో ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. అందరిళ్ళకూ వెళ్ళారట, మా ఇంటికి రాలేదేమని మెల్లిగా అడిగారు. మీ సంగతి తెలిసిందే కదా అని నసిగాను. ఆయన ఆ పేజీ తెరిచి వేలు పెట్టి చూపించారు. తనకు అరవం ఒక్క ముక్క రాదట. వాళ్ళ నాన్నగారు ఈ ఊళ్ళోనే పుట్టి ఈ ఊళ్ళోనే పోయారట.

"పుస్తకం అచ్చయితే మా మనవలూ చదూతారండి. వాళ్ళూ బయటోళ్ళేనా?" అన్నారు.

నిజం చెప్పాలంటే మొదట నాకు ఆయన మీదే కోపం వచ్చింది, నా రాతలో తప్పు పట్టడమేమిటని. ఆయన మా ఇంటి గేటు దాటేలోపు ఆ కోపం నా మీదికే తిరిగింది. వీధంతా అడిగిన మాట ఆయన్ని మాత్రం అడగలేదు నేను. చెప్పులేసుకుని వెనకాలే వెళ్ళాను. వాళ్ళ అరుగు మీద కూర్చుని, నోటుపుస్తకం తెరిచి, కొత్తగా పరిచయమైన మనిషిని అడిగినట్టు అడిగాను.

"మీదే ఊరండి?"

ఆయన నా ముఖంలోకి చూశారు. "ఆయ్, మాదేనండి" అన్నారు.

నా ప్రశ్న తిప్పి నా చేతికే ఇచ్చారు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అడుగుతున్న మాటలో, ఊరు మీదేనన్న అర్థం కూడా ఉందని నాకు ఏనాడూ తట్టలేదు. కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను. ఆయనా నవ్వారు. వాళ్ళావిడ కాఫీ తెచ్చి, అంత నవ్వేంటండి అని అడిగారు.

ఇంటికొచ్చి ఆ పేజీ చింపేశాను. 'సామర్లకోట వాళ్ళు' అని కొత్త శీర్షిక పెట్టి, ఎవరేం చెప్పారో చెప్పినట్టే సర్దాను. తమది ఈ ఊరేనన్నది ఒక్కరే. అందుకని దాని కింద ఒక్క ఇల్లే వచ్చింది. మిగతా వీధంతా, మా పెద్దవాళ్ళదీ వేరే ఊరే కాబట్టి మా ఇంటితో సహా, పాత శీర్షిక కిందికి, బయటివాళ్ళలోకి పోయింది.

ఆదివారం పొద్దున గ్రంథాలయంలో చదివి వినిపించాను. ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి గోల మొదలైంది. గుమాస్తాగారు లేచి నిలబడి, ఇక్కడే పుట్టాం, ఇక్కడే ఓట్లేస్తున్నాం, మేం బయటివాళ్ళమేంటండి అన్నారు. మీరే చెప్పారు కదండి అని నోటుపుస్తకం ఎత్తి చూపించాను. నాకు లోపల ఎంత సరదాగా ఉందో! ఇంతలో ఎవరో, అరవాయనేమో ఊరివాడు, మనం పరాయివాళ్ళమా అనేశారు. అందరూ పెద్దాయన వైపు తిరిగారు. నా సరదా అక్కడే చచ్చిపోయింది. ఆయన కోసం చేసిన పనితో ఆయన్నే అందరిలో ఒంటరిగా నిలబెట్టాను.

పెద్దాయన వెనక బెంచీలోంచి లేచారు. కోపగించుకుని వెళ్ళిపోతారనుకున్నాను. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, తన ఇంటి గురించి రాసినదాని కింద ఖాళీగా ఉన్న కాగితం మీద చెయ్యి ఆనించారు.

"అందర్నీ ఇందులో రాసేయండి టీచరుగారు. నేనొక్కణ్ణే అయితే ఊరెలా అవుద్దండి?"

ఇందాక పరాయివాళ్ళమా అన్న మనిషే ముందుగా లేచి వచ్చారు. ఆయన వెనక గుమాస్తాగారు, ఆ వెనక మిగతావాళ్ళూ వరసకట్టారు. కలం తీసి, పెద్దాయన చెయ్యి ఆనించిన చోటే మొదటి పేరు రాశాను.