ఎర్రచిలుక గుడ్లు

మొన్న నజ్మా బజారులో మా కోడలితో కూరగాయలకు వెళ్ళి, పక్క దుకాణం పంజరంలో ఒక ఎర్రచిలుక, ఒక పచ్చచిలుక ఆనుకుని కూర్చుని ఉండడం చూసి అక్కడే ఆగిపోయాను. మూడో తరగతితో బడి మానేసి, ముప్పై ఏళ్ళ వయసులో ఈ ఖతార్‌కు ఇంటిపనికి వచ్చినదాన్ని. ఎన్నో చూశాను గానీ, అలాంటి చిలుకల దగ్గర తగిలిన దెబ్బ మాత్రం ఇంకా మానలేదు.

అప్పుడు ముఐథర్ అనే పేటలో ఒక అరబ్బు ఇంట్లో పని. ఆ ఇంటి పెద్దావిడకు ఇండోనేషియా దీవుల నుంచి తెప్పించిన రెండు చిలుకలుండేవి, ఒకటి ఆకుపచ్చ, ఇంకొకటి నీలిరొమ్ముతో నిండు ఎరుపు. ఆవిడ ఆపరేషనుకని నెల రోజులు ఆసుపత్రికి వెళ్తూ, ఎర్రదాన్ని చూపించి, తిరిగొచ్చేసరికి ఇది బాగుండాలని సైగలతో మరీమరీ చెప్పింది. అదేమో ఆవిడ వెళ్ళిన వారానికే పంజరంలోని చెక్కపెట్టెలో దూరి రెండు గుడ్లు పెట్టి, పొదుగుతూ చిక్కిపోసాగింది. మా కడప వైపు రామచిలుకలు ఆడదైనా మగదైనా పచ్చవే. కాబట్టి ఇవి వేరువేరు జాతులనీ, పుంజు లేని పెట్ట గుడ్డులాగే ఇవీ పిల్లలు కావనీ నాకు నేనే తీర్మానించుకున్నాను. ఎవర్నైనా అడగాలంటే నాకు నామోషీ. వట్టి గుడ్ల మీద కూర్చుని ప్రాణం తీసుకుంటుందేమోనని, పన్నెండు రోజులు చూసి, అది నీళ్ళకు బయటికొచ్చినప్పుడు రెండూ తీసేసి, పారేయడమెందుకని ఆ ఇంటి పిల్లి గిన్నెలో మొదటిది కొట్టాను. లోపల ఎర్రటి నరాలు, వాటి నడుమ గుండె కొట్టుకుంటూ ఒక చిన్న ప్రాణి. రెండో గుడ్డు నా చేతిలోంచి జారి పగిలింది.

ఇంటి డ్రైవరుది కోనసీమ. వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "అవి మొగుడూ పెళ్ళాలక్కా. వీటిల్లో ఆడది ఎరుపు, మగది పచ్చ. ఎంత పని చేశావ్" అని, మళ్ళీ "గుడ్లెట్టినట్టే ఆవిడకి తెలీదు గదా, ఊరుకో" అన్నాడు.

ఊరుకోలేకపోయాను. ఆవిడ ఇంటికొచ్చిన రోజే అతని చేత అరబ్బీలో చెప్పించాను. ఆవిడ ఎన్ని అని అడిగింది. రెండు వేళ్ళు చూపించాను. ఎనిమిదేళ్ళుగా ఆ జంటకు పిల్ల కావాలని ఎదురుచూస్తోందట. నన్ను తిట్టలేదు, పనిలోంచి తీయలేదు. మరునాటి నుంచి మాత్రం, కుట్లు ఆరకముందే, చిలుకలకు పళ్ళు తనే కోసేది. నేను కత్తి అందుకోబోతే చేత్తో వద్దనేది.

ఇప్పుడు ఆ ఇంటి చోట అంతస్తులు లేచాయి, పెద్దావిడ పోయి చాలా కాలమైంది, చిలుకలేమయ్యాయో చెప్పేవాళ్ళు లేరు. మా కోడలు ఏ అనుమానం వచ్చినా ఫోనులో చూసుకుంటుంది, మంచిదే. పెద్దావిడ ఆ రోజు నన్ను నాలుగు మాటలు తిట్టి ఉంటే, ఎప్పుడో మరిచిపోయేదాన్ని.