కరెంటు పోయిన కొట్లో పియానో ఎంపిక

మా అశోక్‌నగర్ వీధిలో నా గురించి ఒక మాట తిరుగుతున్నది. నాకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయిందనీ, అందుకే పియానో అమ్మేశాననీ. రెండూ అబద్ధాలే. ఫిబ్రవరిలో మా మెట్ల మీద జారి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పట్టీలో ఉంది. ఆ ఆరు వారాలూ మూత తెరవని పియానోలోకి చెదలు దూరాయి. నా మొదటి ఉద్యోగపు జీతం కూడబెట్టి సికింద్రాబాదు వేలంలో కొన్న పియానో అది. వడ్రంగులు దాన్ని విడదీసి, చెక్కలు చెక్కలుగా కిందికి దించుతుంటే చూసినవారు, నా చేతి పట్టీని కూడా చూసి, రెండింటినీ కలిపి తమకు తోచిన కథ అల్లుకున్నారు.

నా ప్రయాణానికి కారణం ఆ ఖాళీ గోడ. సాయంత్రాలు నా వద్ద నేర్చుకునే ఆరుగురు పిల్లలు మార్చి నుంచి ఎదురుచూస్తున్నారు. మా చెల్లెలి కూతురు సుజాత మాత్రం తేలిక మీటల సింథసైజర్, అంటే కరెంటుతో పలికే వాయిద్యం, కొనమని పట్టుబట్టింది. ‘వెయిటెడ్ కీస్’ అని కొట్లలో పిలిచే బరువు మీటలు నావల్ల కావన్నది ఆమె అభిప్రాయం. అసలు పియానోలో మీట నొక్కితే సుత్తి లేస్తుంది. ఆ బరువు వేలికి తెలియాలని కొన్ని కరెంటు వాయిద్యాలలోనూ మీటల వెనుక చిన్న సుత్తులు అమరుస్తారు. ఆ బరువు మీద నేర్వని పిల్లలు రేపు నిజమైన పియానో ముందు కూర్చుంటే తేలిపోతారు. కనుక ఆ రోజు తేలవలసింది ఒక్కటే: బరువు మీటల మీద ఒక రచనను మొదటి నుంచి చివరి దాకా నా ఎడమ చెయ్యి మోయగలదా? మోయలేకపోతే పాఠాలు మానేయాలని నాకు నేనే మాట ఇచ్చుకున్నాను.

పదిన్నరకు చౌరస్తాలో ఆటో పిలిచాను. చిక్కడపల్లికి నలభై అడిగాడు డ్రైవరు. “మీటరెయ్యి. అదెంత చూపిస్తే అంతే ఇస్త,” అన్నాను. నవ్వి మీటరు తిప్పాడు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి రాంనగర్‌లో ఉంటున్నాడట. మా అపార్టుమెంటు ఎదుటి నుంచి పోతూ తల వెనక్కి తిప్పాడు.

“గీ బిల్డింగుల పియానో మేడం ఉంటదంట గదమ్మా. పాపం, చెయ్యి పడిపోయిందంట. నిజమేనా?”

“ఎవరు చెప్పిండ్రు నీకు?”

“ఇస్త్రీ బండి కాడ అనుకుంటుండ్రు.”

దిగాక మీటరు చూపిన పద్దెనిమిది రూపాయలను చిల్లరగా, ఎడమ చేత్తోనే, ఒక్కొక్క నాణెమే అతని అరచేతిలో పెట్టాను. “చూసుకో. పడిపోయిన చెయ్యి ఇదే.”

“అయ్యో, మీరేనా అమ్మా! మాఫ్ జెయ్యిండ్రి. పొయ్యి ఇస్త్రీ అన్నకు చెప్త.”

“జర గట్టిగ చెప్పు.”

చిక్కడపల్లి కొట్లో పదకొండు వేల సింథసైజర్ చూపించారు. అరవై ఒక్క మీటలు, చంకలో పెట్టుకుపోగల బరువు. “మేడం, ఇందుల ఆరొందల సౌండ్లున్నయ్. తబలా ఉన్నది, గిటార్ ఉన్నది, సముద్రం గూడ ఉన్నది,” అన్నాడు అమ్మే అతను.

“సముద్రం నాకెందుకు నాయనా? పియానో ఎట్ల మోగుతదో చూపించు.”

“మీ ఏజ్‌కు ఇదే బెస్ట్ మేడం. ఊదితే నొక్కుకుంటది.”

చిక్కంతా అక్కడే ఉంది. నా ఎడమ ఉంగరపు వేలు ఇంకా పూర్తిగా లేవడం లేదు. పక్క మీటను రాసుకుంటుంది. అంత తేలిక మీటలు ఆ రాపిడికే పలికాయి. నాలుగు సంగీత వాక్యాలు వాయిస్తే నేను కోరని స్వరాలు నాలుగు వచ్చాయి. బలహీనమైన చేతికి తేలిక మీటలు నయమని అందరూ అనుకుంటారు. నేనూ లోలోపల అనుకున్నాను, ఒప్పుకోవాలి. ఆ కొట్లో నుంచి బయటపడేసరికి నా ధైర్యం సగమైంది.

సిటీ బస్సులో ఆరు రూపాయలతో నారాయణగూడ చేరాను. ఫ్లైఓవరు పక్క సందులోని కొట్టు యజమాని నా వయసువాడే. కచేరీలకు మోసుకెళ్లే రకం, ఎనభై ఎనిమిది బరువు మీటల స్టేజీ పియానో ముందు నన్ను కూర్చోబెట్టి స్విచ్చి వేశాడో లేదో, రోజూ పన్నెండున్నరకు పెట్టే కరెంటు కోత మొదలై ఫ్యాను ఆగింది.

“పోయింది. ఇగ రెండింటి దాక రాదు అమ్మగారూ. కూసొండ్రి, చాయ్ తెప్పిస్త.”

“కరెంటు లేకుంటే మీటలు నొక్కుకోవా?”

“నొక్కుకుంటయ్, సప్పుడే రాదు.”

“సప్పుడు నాకు తెలుసు. బరువే తెల్వాలె.”

వేళ్లు మీటల మీద ఉంచాను. మీటలు కిందికి పోలేదు. ఉంగరపు వేలు తన బరువంతా వాల్చినా మీట దాన్ని మోస్తూ నిలిచింది. కావాలని నొక్కితేనే దిగింది. ఆరు వారాల పట్టీ తరువాత ఆ వేలికి ఆనుకునే చోటు దొరకడం అదే మొదలు. నాకు కంఠస్థమైన రచనను మొదటి నుంచి వాయించసాగాను. కొట్టంతా మీటల మెత్తటి టపటప తప్ప మరేమీ వినిపించలేదు. రెండో పుట దాటేసరికి మణికట్టు సలపడం మొదలైంది. వేగం తగ్గించాను, ఆపలేదు. చివరి పుటలో ఉండగా, ఆ రోజు ఎందుకో, కరెంటు వేళకు ముందే వచ్చింది. ఫ్యాను తిరిగింది. వాయిద్యంలో చిన్న దీపం వెలిగి, కొన్ని క్షణాలకు నా వేళ్ల కిందనే సంగీతం ఒక్కసారిగా పలికింది. ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే ఉంది. ముగింపు దాకా నడిచింది.

యజమాని చాయ్ గ్లాసు పట్టుకునే నిలబడిపోయాడు. “మంచిగున్నదమ్మగారూ. ఒక్కకాడ జర తప్పినట్టుంది.”

“నలభై ఏండ్ల సంది గక్కడనే తప్పుత,” అన్నాను. నాకంత సంతోషం ఈ మధ్య కలగలేదు.

ధర యాభై రెండు వేలు. నిలుపుకునే స్టాండు, పెడలు కలిపి మరో మూడు వేలు. పెట్టె ఇరవై రెండు కిలోలు, మాకు లిఫ్టు లేదు కనుక మోసే మనుషులను కూడా ఆయనే పంపుతానన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఆలోచించాను. నా మీద ప్రేమ ఉన్నవారందరూ నాకోసం బరువు తగ్గించాలనే చూశారు. వారి ప్రేమను తప్పుపట్టను. కానీ నా చేతికి కావలసింది ఆనుకోవడానికి తగినంత బరువు. రోజుకు పది నిమిషాలతో మొదలుపెడతాను, వానాకాలానికి అరగంట అవుతుందని నా నమ్మకం. ఇలాంటి ప్రయాణం తలపెట్టినవారికి ఒక్కటే సూచన: కొట్లో ముందుగా శబ్దం పూర్తిగా తగ్గించమనండి. మీటల మీద వేళ్లు ఊరికే ఆనించండి, తరువాత మీకు వచ్చిన పాటను మౌనంగా వాయించండి. ఆరువందల శబ్దాల సంగతి ఆ తరువాత.

ఇంటి తాళం తీస్తుండగా సుజాత ఫోన్ చేసింది. “పెద్దమ్మా, తొందరపడి ఏం కొనకు. ఆదివారం అందరం వస్తం, కూసొని డిసైడ్ చేద్దాం.”

“తప్పక రాండ్రి బిడ్డా,” అన్నాను. “పెట్టె శనివారం వస్తది. ఆదివారం పొద్దున పది గంటలకు వాయిస్త. కుర్చీలు తక్కువున్నయ్, రెండు తెచ్చుకోండ్రి.”