దీపం దించినవా?

సూర్యాపేట నుంచి కోదాడ దాకా, ఇటు మిర్యాలగూడ దాకా, ఎవరి పెరట్లో ఎన్ని నిలువుల లోతున ఎవరి జొన్నలున్నాయో తెలిసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. పేరు ఈదయ్య. చదువు లేదు, కాగితం లేదు. గుర్తులన్నీ బుర్రలోనే. ఆ బుర్ర కోసమే ఒకరోజు అతని వేళ్లు చితగ్గొట్టారు.

గొయ్యి తీస్తే చాలు అదే పాతర అనుకునేవాడితో మాట్లాడటం దండగ. మనిషి పట్టేంత మూతి, లోపల కుండలా వెడల్పు. చుట్టూ గడ్డిమంట పెట్టి గోడ కాల్చాలి, పేడతో అలకాలి, గడ్డిని వెంట్లుగా, లావు తాళ్లుగా, పేని గోడ పొడుగునా పేర్చాలి. గింజలు పోశాక పైన గడ్డి కప్పి, మట్టి మెత్తి, ఇక్కడేమీ లేదన్నట్టు పెంట పోయాలి. రెండేళ్లయినా గింజకు పురుగు పట్టదు. కానీ తెరిచేటప్పుడుంది అసలు సంగతి. మూసిన పాతరలో గాలి చచ్చిపోయి ఉంటుంది. కంటికి కనబడదు. దిగినవాడు నాలుగు ఊపిరులు తీసేలోపు కుప్పకూలుతాడు.

అందుకని మూతి తెరిచి ఒక పగలూ ఒక రాత్రీ వదిలేస్తారు. తర్వాత తాడుకు దీపం కట్టి దించుతారు. దీపం ఆరిపోతే ఎవరూ దిగరు. ఆరకపోతే ముందు పాతర మనిషి తాను దిగి, లోపల్నుంచి "దిగుండ్రి" అని కేకేస్తాడు. ఆ కేక వినబడందే ఆసామి కూడా కాలు పెట్టడు. ఈదయ్య తండ్రి ఒకే ఒక్కసారి, వాన ముంచుకొస్తోందన్న తొందరలో, దీపం దించకుండా దిగాడు. ఆయన్ను మోకుతో పైకి లాగిననాటికి ఈదయ్యకు మీసాలు కూడా సరిగా రాలేదు. అప్పట్నుంచి అతను ఎంతటి దొర గద్దించినా దీపం మాట తప్పలేదు.

మిర్యాలగూడ దగ్గర జానమ్మ అనే ఆమె ఇంటికి పాతర తవ్వడానికి పోయినప్పుడు ఆమె కొడుకు గోపయ్య పక్కనే ఉండి వెంట్లు పేనాడు. ఇరవై అయిదేళ్ల వాడు, ఇద్దరు పిల్లల తండ్రి, మాటకారి.

"ఈదన్నా, దీపానికి తెలిసింది మనిషికి తెలవదాయె! గిదేం ఇచ్చంత్రమే?" అని నవ్వాడు.

"నవ్వకు తమ్మీ. దీపం దించనిది దిగకు. నేను దిగమననిది దిగకు. పానం పోతది" అన్నాడు ఈదయ్య.

గోపయ్య నవ్వు ఆపి తల ఊపాడు.

ఇది జరిగిన రెండేళ్లకు, నలభై ఎనిమిదిలో, కోదాడ అవతల సరిహద్దు మూతపడింది. నిజాం రాజ్యంలోకి ఏదీ రావద్దని ఇండియన్ యూనియన్ వాళ్లు కట్టడి చేశారు. జగ్గయ్యపేట నుంచి వచ్చే ఉప్పు బండ్లు ఆగాయి. దీపాల గ్యాసునూనె ఆగింది, బట్ట ఆగింది. సంతకు పోతే కొనడానికి ఏమీ లేనప్పుడు రైతు జొన్నలు ఎందుకు అమ్ముతాడు? అమ్మలేదు. గింజలన్నీ భూమిలోకి పోయాయి. సూర్యాపేటలో గోదాములు ఎలుకలు కూడా విడిచిపోయేంత ఖాళీ అయ్యాయి, ధర మాత్రం వారం వారం ఎగబాకింది. బండి కదిలితేనే అంగడి, అంగడి ఉంటేనే మర్యాద. బండి ఆగింది, మర్యాద పోయింది, తుపాకీ వచ్చింది.

తులసీరాం అనే వ్యాపారి సూర్యాపేటలో పెద్ద గోదాముకు ఆసామి. నలుగురు తుపాకీ మనుషుల్ని కిరాయికి పెట్టుకున్నాడు, లారీ ఇచ్చాడు, గింజలు మోయడానికి హమాలీల్ని ఎక్కించాడు. ఊళ్ల మీదికి పొమ్మన్నాడు. పుణ్యాత్ముడు, తాను మాత్రం గోదాము అరుగు దిగలేదు.

శ్రావణంలో ఒక పొద్దున లారీ ఈదయ్య ఊరికి వచ్చింది. అప్పటికే లెవీ కింద సర్కారు వాళ్లు ఒకసారి ఊడ్చుకుపోయారు. మిగిలిందల్లా ఒక్క పాతర. నలభై గడపలు పంట చేతికొచ్చేదాకా బతకాల్సిన జొన్నలు అందులో ఉన్నాయి. ఉగాదికి సగం తీసి మళ్లీ మూశారు. మొన్నటి వానలకు ఒక పక్క నీరు కూడా దిగింది. తడిసిన గింజ మగ్గి ఉంటే లోపల గాలి ఎంత చెడ్డదో ఈదయ్యకు చూడకుండానే తెలుసు.

ఆ నలుగురిలో పెద్ద అయిన జమేదారు ఈదయ్యను వాకిట్లో మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు.

"పాతర యాడుందో చెప్తవా, సస్తవా?"

"లేదు సర్కార్. అన్నీ లెవీ కింద కొంటవోతిరి."

కుడిచేతి వేళ్లను రాయి మీద పెట్టించి తుపాకీ మడమతో కొట్టాడు. రెండు వేళ్లు చితికాయి. ఈదయ్య అరిచాడు గానీ చెప్పలేదు. ఇంకోటి కొట్టాడు. చెప్పలేదు. జమేదారు చెమట తుడుచుకుని, ఇంట్లోంచి అతని భార్య ఉప్పలమ్మను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, గొంతుకు తుపాకీ ఆనించాడు.

"చెప్పకు! నలభై ఇండ్లు సస్తయి, చెప్పకు!" అని ఉప్పలమ్మ కేకలు వేసింది. ఆమె నోటి మీద కొట్టారు. నెత్తురు కారింది.

ఈదయ్య చెప్పేశాడు. ఏం చేస్తాడు? పదహారేళ్ల కాపురం. పెంటదిబ్బ కింద, అని వేలు చూపించాడు. చూపించిన వేలు కూడా చితికిన వేలే.

హమాలీలు పెంట తీసి, మట్టి తవ్వి మూతి తెరిచారు. పెద్ద హమాలీ యోహాను తట్ట చంకన పెట్టుకుని అంచు దగ్గరికి వచ్చాడు. అతనూ బీదవాడే, తిండి కోసం వచ్చినవాడే.

"ఆగు! దిగకు! గాలి సచ్చివుంది. రేపటిదాక ఇడిసిపెట్టాలె, దీపం దించాలె" అని ఈదయ్య అరిచాడు.

జమేదారు పకపకా నవ్వాడు. "రేపటిదాకనా? మీ సంగపోళ్లు గుట్టలు దిగి తుపాకులతోటి వచ్చేదాక కూసోమంటవా?" అని తుపాకీ తిప్పి దవడ మీద కొట్టాడు. రెండు పళ్లు దుమ్ములో పడ్డాయి. "దిగురా!" అని యోహాను వీపు మీద తన్నాడు.

నిజం చెబితే దెబ్బ తగిలింది. అబద్ధం చెబితే ఏమవుతుందో ఈదయ్యకు ఆ క్షణంలో తట్టింది.

"సర్కార్, హమాలీలను దింపకుండ్రి" అన్నాడు నెత్తురు ఉమ్మి. "అడుగున మా ఊరి దొరసాని దాసిన వెండి డబ్బా ఉంది. ఈళ్లు దొంగలిస్తరు."

అంతే! యోహానును పక్కకు నెట్టేశారు. తుపాకీ మనిషి ఒకడు ఉత్సాహంగా మూతిలోంచి లోపలికి దూకాడు. గింజల మీద కాళ్లు పడ్డ చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

"దొరికిందారా?" అని పైనుంచి రెండోవాడు కేకేశాడు. జవాబు రాలేదు. "జేబుల ఏసుకుంటున్నవా, బద్మాష్!" అని తిట్టి, వాడూ దూకాడు. వాడి చప్పుడు కూడా అంతటితో ఆగింది.

జమేదారుకు అనుమానం వచ్చింది. ఉప్పలమ్మ గొంతుకు తుపాకీ మళ్లీ నొక్కి, రోడ్డు మీద లారీకి కాపలా ఉన్న నాలుగోవాణ్ణి పిలిచాడు. వాడు పరుగెత్తుకొచ్చాడు. ఈదయ్య ఆ ముఖం గుర్తుపట్టాడు. గోపయ్య! జానమ్మ కొడుకు.

ఇంట్లో తిండి చాలక కూలికి తుపాకీ పట్టాడు. తలెత్తి ఈదయ్య ముఖం చూడలేకపోయాడు. పాతర మూతి దగ్గర గొంతుక్కూర్చుని లోపలికి చూశాడు, చీకటి. వెనక్కి తిరిగి, వెంట్లు పేనిన నాటి గొంతుతోనే అడిగాడు.

"ఈదన్నా, దీపం దించినవా?"

లేదు, దిగకు అంటే వెండి మాట ఉచ్చని జమేదారుకు అర్థమవుతుంది, ఉప్పలమ్మ గొంతు పగిలిపోతుంది. ఈదయ్య భార్యను చూశాడు. గోపయ్యను చూశాడు.

"దించిన తమ్మీ. ఆరలే. దిగు."

దీపం మాట జమేదారుకు ఉత్త సాకే, దిగేవాడు దొరికితే చాలనుకున్నాడు. పాతర మనిషి నోట వచ్చిన మాట కదా, గోపయ్య ఇంకేమీ అడగలేదు. మూతి అంచు పట్టుకుని నెమ్మదిగా కాళ్లు జార్చి దిగిపోయాడు. ఒక్కసారి దగ్గాడు. అంతే.

జమేదారు లోపలికి తొంగి చూడబోయాడు. తుపాకీ పక్కకు జరిగింది. ఉప్పలమ్మ పక్కనే పడి ఉన్న పలుగు అందుకుని రెండు చేతులా ఎత్తి మెడ మీద వేసింది. వాడు లేవబోయాడు, మళ్లీ వేసింది. మూడోసారి వేయబోతుంటే యోహాను ఆమె చేయి పట్టుకున్నాడు. "అయిపోయిందమ్మా, అయిపోయింది" అన్నాడు. అది చూసిన డ్రైవర్ లారీ తిప్పి సూర్యాపేట దారి పట్టాడు.

ఈదయ్య మాత్రం ఇదేదీ చూడలేదు. మోకు నడుముకు కట్టుకుని, ఊపిరి బిగబట్టి, పాతరలోకి దూకాడు. తండ్రి పోయినప్పట్నుంచి ఎప్పుడూ చేయని పని. చితికిన వేళ్లతో గోపయ్య చంకల కింద పట్టుకున్నాడు. హమాలీలు ఇద్దర్నీ కలిపి లాగారు. ఈదయ్య బయటపడి కక్కుకున్నాడు. గోపయ్య నోట్లో జొన్నలు నిండి ఉన్నాయి, ప్రాణం లేదు.

ఆ రాత్రి మూతి తెరిచే ఉంచి, తెల్లారుతూనే దీపం దించి చూసుకుని, ఊరు జొన్నలు తోడుకుని గుట్టల్లోకి పోయింది. ఆ మధ్యాహ్నం సూర్యాపేట నుంచి వచ్చినవాళ్లు ఇళ్లు తగలబెట్టారు. కాలిపోయిన ఇళ్లకు జనం నెలన్నర తర్వాత తిరిగొచ్చారు. అప్పటికి రాజ్యం మారింది. శవాలు పడ్డ ఆ జొన్నల్నే కడుక్కుని అందరూ తిన్నారు. ఆకలి కదా! ఈదయ్య తినలేదు. ఉప్పలమ్మ తిట్టింది, ఏడ్చింది, గంజి కాచి పోసింది.

మాఘంలో మిర్యాలగూడ నుంచి కబురొచ్చింది. జానమ్మ పాతర తెరవాలట. కొడుకును సంగం వాళ్లు కాల్చేశారని సూర్యాపేట వాళ్లు చెప్పిన మాటే ఆమెకు తెలిసింది. ఉప్పలమ్మ పోవద్దంది. ఈదయ్య పోయాడు. వంకరపోయిన వేళ్లతోనే మట్టి తవ్వి మూతి తెరిచాడు. కోదాడ దారి తెరుచుకుంది గనుక ఊళ్లోకి గ్యాసునూనె వచ్చింది. జానమ్మే కందిలి వెలిగించి తెచ్చింది.

"నా కొడుకు నీ మాట దాటకపోతుండె ఈదయ్యా" అంది. "ఈదన్న దిగమననిది దిగొద్దమ్మా అనేటోడు."

ఈదయ్య అక్కడే కూలబడి అంతా చెప్పేశాడు. దీపం దించానని అబద్ధమాడింది కూడా దాచలేదు.

జానమ్మ కందిలికి తాడు కట్టి తానే పాతరలోకి దించింది. మూతి దాటగానే దీపం ఆరిపోయింది. తాడు వదలకుండా అతని వైపు చూసింది.

"దిగు" అంది.

ఈదయ్య తలగుడ్డ తీసి పక్కన పెట్టాడు. మూతి అంచున కూర్చుని కాళ్లు లోపలికి జార్చాడు. నడుము దాకా దిగాడు. అప్పుడు జానమ్మ అతని జుట్టు రెండు చేతులా పట్టుకుని పైకి గుంజింది. చెంప మీద కొట్టింది, మళ్లీ కొట్టింది, చేతులు నొచ్చేదాకా కొట్టింది.

"నీ నోట్ల మన్నువడ! నువ్వు గూడ పాతరల సస్తే నా జొన్నలెవడు తీస్తడు? నా కోడలు, పిల్లలు ఏం తినాలె? లే. రేపు రా, గాలి పోయినంక."

మర్నాడు వచ్చాడు. దీపం ఆరలేదు. ఈదయ్య దిగాడు. పైన జానమ్మ, కోడలు తట్టలు పట్టుకుని, ఆనవాయితీ ప్రకారం కేక కోసం చూస్తున్నారు.

"దిగమంటవా ఈదయ్యా?" అని జానమ్మ అడిగింది.

లోపల్నుంచి మాట రాలేదు. కాసేపటికి జొన్నలు నిండిన తట్ట మాత్రం పైకి వచ్చింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఈదయ్య పాతరలు తెరిచాడు. మొదటి తట్ట పైకి వచ్చిందంటే లోపల గాలి మంచిదని జనమే అర్థం చేసుకునేవారు. దిగుండ్రి అని మాత్రం అతను మళ్లీ ఎవరితోనూ అనలేదు.