క్లచ్ లేని కారు

పోయిన సోమవారం ఉదయం నా భార్య చనిపోయింది. గార్లదిన్నె బడిలో ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు కబురు అందాలని రాస్తున్నాను. ఒక తప్పు ఒప్పుకోవాలని కూడా.

చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమకాలు సన్నబడిపోయింది. ఆ కాలితో క్లచ్ తొక్కలేకపోయేది. బస్సు ఎక్కాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టాలి. అది ఆమెకు నచ్చేది కాదు. తొంభైల చివర్లో బెంగళూరులో ఒక రిటైరైన డాక్టరు పాత ఆటోమేటిక్ కారు అమ్ముతున్నాడని తెలిసి, పోయి కొన్నాం. దానికి క్లచ్ లేదు. గేర్లు వాటంతటవే మారతాయి. అనంతపురం నుంచి గార్లదిన్నెకు రోజూ తనే నడుపుకుంటూ పోయేది. వీధిలో అది టీచరమ్మ కారు, నేను టీచరమ్మ మొగుడు.

నెలకొక ఆదివారం గేరుబాక్సు నూనె చూసేది. కారును ఒక చుట్టు తిప్పి వేడెక్కించి, ఇంటిముందు తాడిపత్రి బండలు పరిచిన చోట నిలిపేది. ఇంజను నడుస్తుండగానే గేరు లీవరును నిదానంగా అన్ని గుర్తుల మీదికీ జరిపి, నూనె కొలిచే డిప్‌స్టిక్ లాగేది. లోపల పీచు పడకూడదని ధర్మవరం మగ్గాల దగ్గర తెచ్చుకున్న పట్టుపీలికతో తుడిచేది.

"ఆపి చూడరాదా, పెట్రోలు కాలిపోతాంది," అన్నాను ఒకసారి.

"ఆపితే అబద్ధం చెప్తాది. నడిచేటప్పుడే నిజం చెప్తాది."

నూనె మాడకుండా ఎర్రగా ఉంటే నాకు చూపించి నవ్వేది.

నాకు చెప్పిన జాగ్రత్త ఒక్కటే. "దోవలో ఆగిపోతే తాడు కట్టి లాగించొద్దండీ. ఇంజను ఆగితే లోపల నూనె తిరగదు. లాగినంతసేపూ గేర్లు పొడిగా అరిగిపోతాయి. లారీ మీద ఎక్కించుకొని రండి."

కరువు మూడో ఏడు, మే నెల. ముదిగుబ్బలో బంధువుల దినానికి నేనొక్కడినే కారులో పోయాను. తిరిగి వస్తుంటే రేడియేటరు పైపు పగిలింది. కనుచూపు మేర నీడ లేదు. గొర్రెలకు ట్రాక్టరు మీద నీళ్లు తోలుకుపోతున్న ఇద్దరు రైతులు ఆగారు.

"ఏమప్పా సారూ, ఈ ఎండలో నిలబడితే సచ్చిపోతావు. తాడు కడతాం, నూట్రల్లో పెట్టు."

"ఈ కారును లాగకూడదంట."

"ఎవరు చెప్పినారు?"

"మా ఇంట్లో."

ఇద్దరూ పగలబడి నవ్వారు. "కారుకు గూడా ఇంటామెనే అడగల్లనా అన్నా? లాగితే రాని బండి యాడుండాది?"

వాళ్లు తాగడానికి ఉంచుకున్న నీళ్లలో సగం నాకు పోశారు. ఆ ఏడు నీళ్లు పోయడమంటే ఏమిటో మీకు తెలుసు. అవి తాగినాక వద్దనలేకపోయాను. ఇరవై కిలోమీటర్లు లాగి ఇంటి ముందు వదిలిపెట్టారు. మంచివాళ్లు.

పైపు మార్పించాను. మరునాడు ఆమె కూర్చుని లీవరు జరిపింది. ఇంజను అరిచింది, కారు కదలలేదు. దిగి, నూనె చూసింది. నల్లగా, మాడు వాసన.

"ఎట్ల తెచ్చినారు?"

చెప్పాను.

"వద్దని ఒక్క మాట చెప్పలేకపోయినారా?"

మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మెకానిక్ కింద దూరి చూశాడు. "ఇది మన చేతిలో పని కాదక్కా. పీకేసి మామూలు గేర్లు పెట్టేస్తా."

"క్లచ్ ఉంటాదా?"

"ఉండకుండా యాడికి పోతాదక్కా?"

ఆమె లేచి లోపలికి పోయింది.

బడి తెరవడానికి పదిహేను రోజులే ఉన్నాయి. అట్లాంటి ఆటోమేటిక్ గేరుబాక్సు కోసం ఎస్టీడీ బూతు నుంచి తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. బెంగళూరు పాత సామాన్ల బజారులో మూడుసార్లు తిరిగాను. చివరికి ఒక గేరుబాక్సు దొరికితే, రైల్లో కాళ్ల దగ్గర పెట్టుకొని తెచ్చాను. మెకానిక్ కొలిచాడు. వేరే మోడలుది. మళ్లీ కొలవమన్నాను.

"ఎన్నితూర్లు కొలిచినా అంతే గదన్నా."

ఇంకోసారి బెంగళూరు పోతానంటే ఆమె ఆపింది. "చాలు. మామూలుదే పెట్టించండి. మీరన్నా నడపండి. పిల్లలకు పాఠాలు పోతాయి."

అప్పటినుంచి నేను దింపినప్పుడు బడికి పోయింది, నేను వచ్చినప్పుడు ఇంటికి వచ్చింది. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక కూడా టీచరు వరండాలో కూర్చుని నోటుబుక్కులు దిద్దేదని మీలో చాలామంది మెచ్చుకున్నారు. నా ఆఫీసు అయిదున్నరకు అయ్యేది. ఆమె నా కోసం కాచుకుని ఉండేది.

పక్కసీట్లో కూర్చుని నా డ్రైవింగును ఒక్కరోజూ తప్పు పట్టలేదు. మలుపు వస్తే మాత్రం ఆమె కుడిపాదం, బ్రేకు తొక్కినట్టు, కాళ్ల కింది రబ్బరు పట్టాను నొక్కేది. ఆ విషయం ఆమెకు తెలుసో లేదో నేను అడగలేదు.

ఆమె పోవడానికి మూడు రోజుల ముందు, శుక్రవారం, కారులో ఆసుపత్రికి తీసుకుపోతున్నాను. తల కిటికీకి ఆనించి ఉంది, కళ్లు సగం మూతపడ్డాయి. ఊరి మొదట్లో గొర్రెల మంద అడ్డం వచ్చింది. నేను బ్రేకు తొక్కేలోపే ఆమె పాదం పట్టాను నొక్కింది. మంద దాటిపోయింది. పాదం ఇంకా అక్కడే నొక్కి ఉంది.