తెగిన తీగలో నా గొంతు

దయ్యం పట్టిందని మా దవాఖానకు తెచ్చినవాళ్ళలో సగం మందికి నులిపురుగుల మందు, మిగతావాళ్ళకు చలిజ్వరం మందు ఇచ్చి పంపినదాన్ని నేను. ఆ మందులకు లొంగని దయ్యాన్ని ఇంతవరకు చూడలేదు. నిమ్మకాయలు కోసేవాళ్ళను, గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళను చూస్తే నాకు జాలి కూడా కలిగేది కాదు. మిషను బడిలో చదివాను, క్రైస్తవ సంఘంలో పెరిగాను. చచ్చినవాళ్ళు తీర్పు దినం దాకా లేవరని నేర్చుకున్నాను. ఆ నమ్మకం ఈనాటికీ సడలలేదు. అయినా జరిగింది జరిగినట్టు చెప్పాలి.

అవి నైజాం రోజులు. వనపర్తి దగ్గర ఒక మిషను దవాఖానలో నర్సుగా ఉండేదాన్ని. డాక్టరు దొరసాని బంగళా అక్కడికి రెండు మైళ్ళు, మధ్యలో జొన్నచేలు. రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి ముందు, ఆ చేల మీదుగా స్తంభాలు పాతి తీగ లాగి ఫోను పెట్టించారు. ఆ తీగకు రెండే కొసలు. ఒకటి బంగళాలో, రెండోది దవాఖాన ఆఫీసు గదిలో. మరెక్కడికీ పోయే తీగ కాదది.

ఆఫీసు గది గుమాస్తా దేవదానం ఏలుబడి. మద్రాసులో చదివి వచ్చానని రోజుకు ఒకసారైనా గుర్తుచేసే మనిషి. ఫోనులో ఇంగ్లీషే మాట్లాడాలని రూలు పెట్టింది దొరసాని కాదు, అతనే. దొరసానికి తెలుగు అతని కంటే బాగా వచ్చు.

మా మాటలో ఆడమనిషి వచ్చినా, ఆవు వచ్చినా, వాన వచ్చినా 'వచ్చింది' అనే అంటాం. ఆ అలవాటుతో ఇంగ్లీషులో దొరసానిని కూడా 'ఇట్' అనేవాళ్ళం. పెద్దమనిషి ఒక్కడే వచ్చినా మర్యాదకు 'దె' అనేవాళ్ళం. దేవదానానికి అదే పండుగ. సాయంత్రం మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఖాళీ మందుసీసా ఫోనులాగా చెవికి పెట్టించి, 'హి' ఎక్కడ, 'షి' ఎక్కడ అని పాఠం చెప్పేవాడు. తప్పితే, "ఏమ్మా, దొరసాని నీకు గేదెలా కనబడుతోందా?" అని పగలబడి నవ్వేవాడు. ప్రార్థనలో మాత్రం అందరికంటే గట్టిగా ఆమెన్ అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఆత్మకూరు వైపు నుంచి చెన్నయ్య అనే రైతు తన భార్య బాలమ్మను బండి మీద తెచ్చాడు. దారిలోనే బిడ్డ పుట్టింది. మాయ పడలేదు. రక్తం ఆగడం లేదు. ఉప్పునీటి సీసాలు ఎక్కిద్దామంటే దవాఖానలో అయిపోయాయి, ఉన్నవి బంగళాలో ఉన్నాయి. ఆ సంగతి నాకూ ఆయాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆయాను బాలమ్మ పొట్ట ఒత్తి పట్టుకోమని చెప్పి ఆఫీసు గదికి పరుగెత్తాను.

దేవదానం ఫోనుకు అడ్డంగా కూర్చున్నాడు.

"ముందు ఏం చెబుతావో నాకు చెప్పు," అన్నాడు.

"ఇట్ ఈజ్ బ్లీడింగ్..."

"ఆవా, గేదెనా? మనిషైతే షి అనాలి. మళ్ళీ చెప్పు."

"ఆడ పానం పోతుంటే నీకు షి గావాల్నా? తిప్పు ముందుగాల! దొరసానికి తెలుగొస్తది."

"రూలు రూలే, సిస్టర్."

చెన్నయ్య గుమ్మంలో చేతులు జోడించి నిలబడ్డాడు. "నీ కాల్మొక్త సారూ, జర జెల్ది పిలువుండ్రి. ఇంటికాడ ఇద్దరు పిల్లలున్నరు."

దేవదానం అతని వైపు చూడను కూడా లేదు. నేనే దేవదానాన్ని నెట్టి ఫోను పిడి తిప్పాను. పిడి తేలిగ్గా, ఏమీ పట్టనట్టు తిరిగింది. చెవిలో చిన్న చప్పుడైనా లేదు. మళ్ళీ తిప్పాను. లేదు. ఫోను చచ్చిపోయింది.

బంగళాకు పోదామని చెన్నయ్యను బండి కట్టమన్నాను. అతనూ నేనూ వాకిట్లోకి వచ్చేసరికి గేటు దగ్గర దుమ్ము లేచింది. దొరసాని మోటారు. ఆమె చేతిలో ఉప్పునీటి సీసాల పెట్టె.

నన్ను చూస్తూనే, "కరుణమ్మా, నీవు చెప్పినట్టే సీసాలు తెచ్చితిని. మాయ ఇంకా పడలేదా?" అంటూ లోపలికి నడిచింది.

అప్పుడు నోరు విప్పే తీరిక లేదు. పొద్దుగూకేదాకా పని చేశాం. బాలమ్మ బతికింది. ఆమె నీళ్ళు అడిగాక, చేతులు కడుక్కుంటూ దొరసానిని అడిగాను, ఎవరు చెప్పారని.

"నీవే కదా ఫోను చేసితివి? తెలుగులో చెప్పితివి. ఎవరమ్మా అని అడిగితే 'నేనే' అంటివి."

మా వైపు ఆడవాళ్ళు తలుపు కొట్టినప్పుడు పేరు చెప్పుకోరు. లోపలి నుంచి ఎవరని అడిగితే 'నేనే' అంటారు. గొంతును బట్టి లోపలివాళ్ళు గుర్తుపట్టాలి. దొరసాని కూడా అలాగే గుర్తుపట్టింది. అది నా గొంతేననడంలో ఆమెకు అనుమానమే లేదు.

మరునాడు తీగ వెంట మనుషులు నడిచి చూశారు. చేల మధ్య తెగి నేల మీద పడి ఉంది. అక్కడ గొర్రెలు కాసే ముసలాయన, "నిన్న పొద్దుగాలనే తెగిందయ్యా, గాలికి. నా గొర్రె కాలికి జుట్టుకుంటే నేనే ఇడిపించిన," అన్నాడు. బాలమ్మ బండి అప్పటికి దవాఖానకు చేరనే లేదు.

ఆదివారం సంఘంలో సాక్ష్యాలు చెప్పే వేళ దేవదానం లేచాడు. ఆపద గ్రహించి తాను వెంటనే ఫోను చేశాననీ, దేవుడు తనను వాడుకున్నాడనీ కళ్ళు మూసుకొని చెప్పాడు. దొరసాని కూర్చున్నచోటి నుంచే, "దేవదానం, నాకు వినబడినది స్త్రీ గొంతు," అంది. ఆడవాళ్ళ చాపల మీద నవ్వులు లేచాయి. "ఇట్ ఈజ్ దేవదానం!" అని వెనక నుంచి ఆయా అన్నది అందరికీ వినబడింది.

పెద్దలు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. ఫోను చేసింది నేను కాదని చెప్పాను. వాళ్ళకు నచ్చలేదు. దేవదూత అని ఒకరన్నారు. దేవదూత అంటే నాకు అభ్యంతరం లేదు. కానీ దేవదూతకు నా గొంతు దేనికి? ఊళ్ళో కొందరు అన్న మాట ఇక్కడ రాయను. రాసే విలువ దానికి లేదు. ఆత్మలను పరీక్షించి చూడాలని బైబిలులో నేర్చుకున్నదాన్ని. నా గొంతునే తెచ్చుకున్న ఆత్మను ఏ కొలతతో పరీక్షించాలో ఏ పాదిరీ నాకు చెప్పలేకపోయాడు.

తీగ అతికించాక దేవదానం ఫోను మోగినా ముట్టేవాడు కాదు. గోడలకు సున్నాలు వేసేటప్పుడు ఫోను పెట్టె వెనక ఎండిన నిమ్మకాయ ఒకటి దొరికింది. మద్రాసు చదువు! పాఠాలు ఆగిపోయాయి. మేము తెలుగులోనే మాట్లాడుకున్నాం, ఎవరి ప్రాణమూ పోలేదు.

దొరసాని తన దేశానికి వెళ్ళిపోయే రోజున కూడా నన్ను పక్కకు పిలిచి, "నీవే కదా?" అని అడిగింది. కాదన్నాను. నమ్మలేదు. ఆ ఒక్క విషయంలో ఆమె నన్ను అబద్ధమాడేదానిగానే అనుకొని వెళ్ళిపోయిందేమో.

ఇన్నేళ్ళయినా నాకు దీని లెక్క తెగలేదు. ఎవరి తలుపైనా తట్టినప్పుడు లోపలి నుంచి ఎవరని అడిగితే, మా వాళ్ళలాగా 'నేనే' అనలేను. "కరుణమ్మను" అని పేరు చెబుతాను. ఆ 'నేనే' అన్న మాట నా గొంతుతో ఒకసారి ఇంకెవరో అన్నారు.