అక్షరాలు ఎటు నడుస్తాయి

మా మనవరాలు మూడో తరగతికి వచ్చినా ఒక్క మాట చదవలేకపోయేది. విడిగా అక్షరం చూపిస్తే పేరు చెప్పేది. మూడు కలిపి రాస్తే తికమకపడేది.

"సదువు రానిదానికి బడెందుకే అవ్వా? ఈసారి మిరపకోతలకు మాతోని తోల్కపోత," అన్నాడు మా కొడుకు.

"కోతలు మొదలుగానీ. అప్పటిదాకా రాకుంటే నేనే పంపుత," అన్నాను.

నేను చదివింది రెండో తరగతే. అయినా నేనే నేర్పుదామనుకున్నాను. పలకా బలపాలూ కొనడం దండగనిపించింది. ఇంటి వెనక వాగుంది, తడి ఇసుకుంది. పుల్లతో రాసి కాలితో చెరిపేస్తే సరి.

నీళ్లకు వెళ్లినప్పుడు ఇసుకలో 'కడవ' అని రాశాను. పిల్ల చివరి అక్షరం దగ్గర నిలబడి వెనక్కి చదువుకుంటూ వచ్చింది. కొట్టబోయి ఆగాను.

"ఏందే, తోకకాడికెల్లి సదువుతున్నవ్?"

"తాత గట్లనే జూపిండు గద నాయనమ్మా! కడాకరి అడుగు పట్టుకొని ఎనకకు పోతే ఏడికెల్లి వచ్చిందో ఎరుకైతది."

మా ఆయన దాన్ని అడవికి తీసుకెళ్లినప్పుడల్లా కుందేలు అడుగులూ పంది అడుగులూ చూపించేవాడు. ఇది అక్షరాల వరసనూ అడుగుల జాడే అనుకుంది!

"ఇది జంతువు గాదే. ముందుకు పోవాలె."

"మరి వేళ్లేవి? ఎటు మొకం పెట్టిందో ఎట్ల తెలుస్తది?"

నిజమే కదా. నాకు మాత్రం ఎవరు చెప్పారు? పంతులు ఎటు చదివితే నేనూ అటే చదివాను. ఇద్దరం ఇసుక మీదికి వంగి వెతికాం. తలకట్టు కనబడింది. చిన్నగా కిందికి దిగి, పొడుగ్గా కుడివైపుకు లేచే గీత.

"ఇగో, ఇది ఎటు లేస్తే అటే పోవాలె."

"క... డ... వ. కడవ! నీ సంకల ఉన్నది!"

ఆనాటి నుంచి కిరాణా పొట్లం కాగితం ఒక్కటీ పారేయనివ్వలేదు. తలకట్టు లేని అక్షరం వస్తే తగువే.

"ఇదెటు పోతది?"

"పక్కోళ్లు ఎటు పోతే అటే. నోరు మూసుకొని సదువు."

మిరపకోతలకు కూలీల ట్రాక్టర్ వచ్చిన పొద్దున మా కొడుకు బెల్లం చుట్టిన కాగితం దాని చేతిలో పెట్టాడు. "ఏదీ, సదువు."

పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుంది. "వాగు... దాటుతూ... ఆగిన... బస్సు. లోపల..."

"లోపల? ఎందరున్నరు?"

"ఆడికి చిరిగింది నాయినా."

వాడు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "మిగిలిన ముక్క దుకాణంల ఉందేమో అడుగు. నేనొచ్చినంక సదివి చెప్పాలె," అని, పెళ్లాన్ని మాత్రం తీసుకుని ట్రాక్టర్ ఎక్కాడు.