ఏడాది ఫ్రీ అన్నరు

మా గల్లీకి ఆ ఇంటర్నెట్ లైను తెప్పించింది నేనే. ఈ మాట ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

చిల్కానగర్‌లో మేముండే గల్లీలో పద్నాలుగు ఇళ్లు. నాచారం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో నాకు ప్యాకింగ్ పని. ఇంటర్ దాకా చదివాను. ఫోన్లో వచ్చే ఇంగ్లీషు మెసేజ్‌లు కూడబలుక్కుని అయినా అర్థం చేసుకోగలను. అందుకని గ్యాస్ బుకింగ్ మొదలుకొని రేషన్ కార్డు దరఖాస్తు దాకా ఏ పనున్నా గల్లీవాళ్లు నా దగ్గరికే వస్తారు. విసుక్కుంటున్నట్టు కనిపిస్తాను గానీ, నాకు అది ఇష్టమే. ఎవరూ రాని రోజున ఏదో వెలితిగా ఉంటుంది.

ఒక ఆదివారం పొద్దున, మెడలో కార్డు వేసుకుని, చేతిలో కరపత్రాల కట్టతో ఒక అమ్మాయి వచ్చింది. రామంతాపూర్‌లో ఉంటానని చెప్పింది. ఒక కొత్త కంపెనీ మా వైపు బ్రాడ్‌బ్యాండ్ వేస్తోందట. వైఫై డబ్బాకు డిపాజిట్ కడితే చాలు, ఏడాది పాటు ఇంటర్నెట్ ఉచితం. ఏడాది తర్వాత వద్దనుకుంటే డబ్బా తిరిగిచ్చేసి డిపాజిట్ తీసుకోవచ్చు. నేను అనుమానం మనిషిని. మధ్యలో ఏమైనా అడుగుతారా అని తిప్పి తిప్పి అడిగాను.

“ఏం అడగరక్కా. పన్నెండు నెలలు ఫ్రీ. కాయితం మీదనే రాసుంది సూడు” అంది.

చూశాను. పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో అలాగే రాసి ఉంది. ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని నేనే ఇల్లిల్లూ తిరిగాను. ఎండ నడినెత్తికి వచ్చేసరికి పదకొండు ఇళ్లవాళ్లు ఒప్పుకున్నారు. ఆఖరున ఒప్పుకున్నది ఎదురింటి వదిన.

మాకు చుట్టరికం లేదు, పిలుపు మాత్రమే. ఆమె భర్త సిటీ బస్సు కండక్టర్‌గా పని చేసి రిటైరయ్యాడు. ఆ అన్న గొంతు ఎలాంటిదంటే, గల్లీ మొదట్లో నిలబడి ఎవరినైనా పలకరిస్తే చివరింట్లో స్టవ్ దగ్గరున్న నాకు వినపడేది. కిందటేడు చలికాలంలో పక్షవాతం వచ్చింది. కాలు కుదుటపడింది, చెయ్యి కొంత నయమైంది, మాట మాత్రం తిరిగి రాలేదు. దవాఖానాలో మాట నేర్పించే ఒక మేడమ్, రోజూ పదకొండింటికి అరగంట సేపు వీడియోలో నేర్పిస్తానని చెప్పిందట. వదిన ఫోన్‌లో డేటా సగం నెలకే అయిపోయేది. ఆమెకు ఈ లైను అందరికన్నా ఎక్కువ అవసరమని నాకనిపించింది.

“నువ్వు తీసుకుంటున్నవా?” అని అడిగింది.

తీసుకుంటున్నానని చెప్పాను.

“అయితే రాయి” అంది. ఇంకేమీ అడగలేదు.

నాలుగు నెలలు బాగా నడిచింది. అన్నకు బాగా అలవాటైన మాటలతోనే మొదలుపెడదామని ఆ మేడమ్ బస్‌స్టాపుల పేర్లు చెప్పిస్తోందని వదిన అంది. ఉప్పల్ వచ్చిందట, హబ్సిగూడ సగం వచ్చిందట, తార్నాక దగ్గర నాలుక తిరగడం లేదట. పాఠం జరుగుతున్నంతసేపు ఆ ఇంటి కిటికీలు, తలుపులు అన్నీ మూసి ఉండేవి. తన గొంతు బయటికి వినపడకూడదని అన్న పట్టుదల.

అయిదో నెలలో ఒక పొద్దున, నాచారం వెళ్లే షేర్ ఆటో ఎక్కుతుండగా మెసేజ్ వచ్చింది. ప్రచార ఆఫర్‌ను ఉపసంహరించుకున్నామని, ఒకటో తారీఖు నుంచి మీ కనెక్షన్ నెలవారీ ప్లాన్‌లోకి మారుతుందని, మీ డిపాజిట్‌ను మొదటి బిల్లులో సర్దుబాటు చేస్తామని దాని సారాంశం. నా ఇంగ్లీషే తప్పేమో అనుకుని మళ్లీ చదివాను. పక్కన కూర్చున్న కాలేజీ పిల్లకు చూపించాను. ఆమె కూడా అదే చెప్పింది.

మా కంపెనీలో గేటు దగ్గరే ఫోను లాకర్‌లో పెట్టేయాలి. ఆ రోజు అది పెట్టి లోపలికి వెళ్లాక కాలు నిలవలేదు. లాకర్‌లో ఫోను మోగుతూనే ఉంటుందని నాకు తెలుసు. గల్లీ అంతటికీ అదే మెసేజ్ వచ్చి ఉంటుంది. వాళ్లలో ఎవరూ చదవలేరు, అందరూ నాకే చేస్తారు. భోజనం విరామంలో తీసి చూస్తే స్క్రీన్ నిండా మిస్డ్ కాల్సే. వదిన నుంచి మాత్రం ఒక్కటీ లేదు. మిగతా కాల్స్ అన్నిటికన్నా అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అయ్యాక ఒక అబ్బాయి ఎత్తాడు. షరతుల ప్రకారం ఆఫర్‌ను ఎప్పుడైనా మార్చే హక్కు కంపెనీకి ఉందని మర్యాదగా చెప్పాడు. ఏ షరతులు అని అడిగితే వెబ్‌సైట్‌లో ఉన్నాయన్నాడు. ఫిర్యాదు రాసుకోమన్నాను. నంబరు ఇచ్చాడు. మర్నాడు పొద్దున్నే మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మీ అనుభవానికి ఎన్ని స్టార్లు ఇస్తారు? నాతో ఒక్కరూ మాట్లాడలేదు. మళ్లీ ఫిర్యాదు చేశాను. మళ్లీ పరిష్కరించారు. అలా నాలుగుసార్లు పరిష్కారమైంది.

ఉప్పల్‌లో మెట్రో లైను పక్కన వాళ్ల షాపు ఉందంటే సెలవురోజున వెళ్లాను. అద్దాల తలుపు, లోపల చల్లగా ఏసీ. కౌంటర్ దగ్గరున్నతను ఇది ఫ్రాంచైజీ అని, తమ చేతుల్లో ఏమీ లేదని, యాప్‌లో పెట్టమని చెప్పాడు. నాకంటే ముందు ఒక ముసలాయన అదే మాట విని, బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను కూర్చోలేకపోయాను. రింగురోడ్డు దాకా నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి, ఎందుకు వచ్చానో తెలియక ఆ తలుపు ముందే కాసేపు నిలబడి, ఇంటికి పోయాను.

ఆ వారాల్లో నా వల్ల ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. కూర మాడేది. మా ఆయన ఏదో చెబుతుంటే మధ్యలో లేచి ఫోను చూసుకునేదాన్ని. పనిలో నా బాధ్యత, బెల్టు మీద వచ్చే మాత్రల స్ట్రిప్పుల్లో ఖాళీ గూడు ఉందేమో చూసి తీసేయడం. తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. ఒకరోజు సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచి ఒక స్ట్రిప్పు చేతిలో పెట్టాడు. పది గూళ్లలో ఒకటి ఖాళీ. నా కళ్ల ముందు నుంచి దాటిపోయి, తర్వాతి తనిఖీలో దొరికిందట. ఆయన తిట్టలేదు. ఇంట్లో అంతా మంచిదేనా అని అడిగాడు. ఇంటర్నెట్ గురించి అని చెప్పడానికి సిగ్గేసి, తలనొప్పి అన్నాను.

అసలు సంగతి ఇంటర్నెట్ కాదు. ఒకటో తారీఖు వెళ్లాక, డిపాజిట్ పోను మిగిలిన బిల్లు కట్టనివాళ్లకు లైను తీసేశారు. మా గల్లీలో ఆరిళ్లకు పోయింది. అందులో వదిన ఇల్లొకటి. నేను నా బిల్లు కట్టేసి, మా ఇంటికొచ్చి పాఠం వినండి అని చెప్పడానికి వెళ్లాను. ఫోన్‌ను బియ్యం డబ్బా మీద నిలబెట్టి మొబైల్ డేటాతోనే నడిపిస్తున్నారు. తెర మీద ఆ మేడమ్ నోరు తెరిచి అలాగే ఆగిపోయి ఉంది. అన్న ఆ ఆగిపోయిన నోటినే చూస్తూ ఓపికగా కూర్చున్నాడు. నన్ను చూడగానే ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

వదిన నన్ను వాకిట్లోకి తీసుకొచ్చింది.

“ఆయన ఎవరింటికీ రాడు. ఇంకొకరు ఇంటరంటే అసలే నోరు తెరవడు. నువ్వు మనసుల పెట్టుకోకు, నీదేం తప్పు లేదు” అంది.

తప్పు నీదే అని ఉంటే తట్టుకునేదాన్ని. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంటి ముందు నుంచి వెళ్లలేక, వెనక సందులోంచి చుట్టు తిరిగి ఆటో ఎక్కాను.

మందుల షాపు పని మీద ఏఎస్ రావు నగర్ వెళ్లినరోజున ఆ అమ్మాయి కనిపించింది. ఒక కోచింగ్ సెంటర్ ముందు గొడుగు వేసి, వాటర్ ఫిల్టర్లు అమ్ముతోంది. మెడలో వేరే కార్డు. నన్ను గుర్తుపట్టి ముఖం పక్కకు తిప్పుకుంది. నోటికొచ్చినట్టు అందామని దగ్గరికి వెళ్లాను. నాకంటే ముందు ఆమే అంది:

“అక్కా, మాకు గూడ జెప్పలేదు. ఆఫర్ బందైన రోజే మమ్మల్ని తీసేసిన్రు. మా అమ్మకు గూడ నేనే ఇప్పిచ్చిన ఆ లైను.”

ఆ కరపత్రం ఇంకా ఉందా అని మాత్రం అడిగాను. మా గల్లీలో ఒక్కటీ మిగల్లేదు. నాది అల్మారా అరలో పరిచానేమో అనుకుని వెతికితే అది వేరే కాగితం. ఇంట్లో ఒక కట్ట పడి ఉందని, తన పేరు ఎక్కడా రావద్దని ఆమె అంది. సాయంత్రం ఆమె డ్యూటీ దిగాక తనతోపాటే రామంతాపూర్ వెళ్లి నాలుగు కరపత్రాలు తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి బల్ల మీద పెట్టి రెండు వైపులా చదివాను. ఇంగ్లీషు వైపు “ఉచితం” అన్న మాట పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంది, అడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో షరతులు. తెలుగు వైపు నక్షత్రం లేదు, షరతులూ లేవు. పన్నెండు నెలలు పూర్తిగా ఉచితం, అంతే. తెలుగు చదివేవాళ్లకు ఆ షరతు అసలు చెప్పనే లేదు. నెల రోజుల తర్వాత ఆ రోజు మొదటిసారి కుర్చీలో కుదురుగా కూర్చోగలిగాను.

ఫిర్యాదు తెలుగులోనే రాశాను. కంపెనీ అప్పీలు అధికారికి ఒకటి, వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఒకటి. కరపత్రం రెండు వైపులా ఫోటోలు తీసి జతచేశాను. సంతకాల కోసం మళ్లీ ఇల్లిల్లూ తిరిగాను. ఈసారి తలుపులు అంత త్వరగా తెరుచుకోలేదు. పదకొండు మందిలో ఏడుగురు పెట్టారు. ఒకాయన కాగితం చూడకుండానే, “నీ మాట ఇని ఒకసారి పెట్టినం గదమ్మా సంతకం” అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

వదిన ఇంటికి చివరన వెళ్లాను. మాకు ఫిర్యాదులెందుకులే అని ఆమె అంటుండగా, లోపలి గదిలోంచి అన్న వచ్చాడు. కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కుడిచెయ్యి ఇంకా పట్టు రాలేదు. ఎడమచేత్తో పెన్ను పట్టుకుని వంకరటింకరగా చాలాసేపు రాశాడు. నావైపు చూడకుండానే కాగితం ఇచ్చి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకొక ఉపాయం తట్టింది. మనిషి ఉంటేనే కదా ఆయనకు సిగ్గు. పొద్దున ఎనిమిదింటికి నేను డ్యూటీకి పోతాను, మా ఆయన అంతకుముందే వెళ్తాడు. పదకొండింటికి మా ఇల్లు ఖాళీ. మర్నాడు డ్యూటీకి పోతూ, వెనక సందులోంచి కాకుండా వాళ్ల గుమ్మం ముందు నుంచే నడిచి, తాళంచెవి వదిన చేతిలో పెట్టాను.

“ఇంట్ల ఎవరుండరు. తలుపులు, కిటికీలు అన్నీ ఏసుకోండి” అన్నాను.

వదిన తాళంచెవి వైపు చూసి, కొంగున ముడేసుకుంది. సాయంత్రం నేను వచ్చేసరికి వంటింటి బల్ల మీద నీళ్లు తాగిన గ్లాసు ఒకటి కడిగి బోర్లించి ఉంది.

కంపెనీ జవాబు రెండు నెలలకు వచ్చింది. సంతకం పెట్టిన ఏడుగురిలో లైను ఇంకా నడుస్తున్నవాళ్లకు మిగిలిన నెలలు ఉచితంగా ఇస్తామని, ఇది ప్రత్యేక సద్భావనతో ఇస్తున్నదే తప్ప మరొకరికి వర్తించదని రాశారు. అలాంటివాళ్లం ముగ్గురం తేలాం. లైను పోయిన నలుగురికి డిపాజిట్ బకాయిల కింద జమ అయిపోయిందన్నారు. దాని మీద మళ్లీ రాశాను. ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. సంతకం పెట్టని నలుగురు ఇప్పుడు నా దగ్గరికి వచ్చి మా పేర్లు కూడా కలపమంటారు. కలుపుతున్నాను.

ఆ మధ్య కరెంటు పోయి మా కంపెనీలో మధ్యాహ్నానికి ముందే ఇంటికి పంపించేశారు. గల్లీలోకి వచ్చేసరికి పదకొండూ పది. మా ఇంటి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గుమ్మం దాకా వెళ్లి చెప్పులు విప్పబోయి ఆగిపోయాను. లోపల ఒక ఆడగొంతు ఏదో అంటోంది, తర్వాత నిశ్శబ్దం. చెవి పెట్టి వినాలనిపించింది. వినలేదు. చప్పుడు కాకుండా మెట్లు దిగి, గల్లీ మొదట్లో ఉన్న కిరాణా కొట్టు దాకా నడిచాను. ఇంత ఎండలో బయట ఎందుకున్నావని కొట్టావిడ అడిగింది. తాళంచెవి మరిచిపోయానని చెప్పి, అరగంట అయ్యేదాకా అక్కడే ఆ అరుగు మీద కూర్చున్నాను.